పాప పాలు

ఫ్యాక్టరీ గేటు పక్కన లారీలను తూచే కాటా ఉంది. దాని ఇనుప పలక కింద, నడుము వంచితే తప్ప కదలలేని గొయ్యి. అందులో టార్చి నోట కరుచుకుని, పలకకూ గోడకూ మధ్య ఇరుక్కున్న గులకరాళ్లను ఇనుప చువ్వతో పొడిచి బయటికి తీస్తోంది కాటా అక్క. రాయి ఇరుక్కుంటే లారీ బరువంతా పలక మీద పడదు, కొంత గోడ మోస్తుంది. అప్పుడు లారీ ఉన్నదానికంటే తేలిగ్గా కనపడుతుంది. ఈ సంగతి చెప్పడం తేలికే. రాయి ఏ మూల ఉందో పలక మీద నిలబడి కనిపెట్టడానికి మాత్రం ఆమెకు చాలా ఏళ్లు పట్టింది.

పెళ్లికి ముందు కాటాలు బాగుచేసే ఒక ముసలాయన దుకాణంలో ఊడ్చే పనికి చేరింది. తూకపు రాళ్లు తుడవమంటే తుడిచింది. అరచేతి చెమట అంటినా రాయి బరువు మారుతుందని ఆయన తిడితే, గుడ్డతో పట్టుకోవడం నేర్చుకుంది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించేవాడు, అంతే. ఆమె ఎక్కువ అడిగే మనిషి కాదు. అలా పని వచ్చింది. పనితోపాటు పేరూ వచ్చింది. ఇంట్లో పిలిచే పేరు వేరే ఉన్నా, లారీ వాళ్ల దగ్గర్నుంచి గిడ్డంగుల మేనేజర్ల దాకా అందరికీ ఆమె కాటా అక్కే.

పాప పుట్టాక కొన్ని నెలలు ఇంట్లో ఉంది. ఈలోగా ముసలాయన మోకాళ్లు మొరాయించాయి. గోతుల్లోకి దిగడం ఆయన వల్ల కాలేదు. దూరపు ఊళ్ల పనులన్నీ ఆమె మీద పడ్డాయి. వారంలో సగం ఇంట్లో, సగం విమానాల్లో, బస్సుల్లో, ఎవరివో గోతుల్లో. పాపను అత్తగారు చూసుకుంటుంది. బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే భర్త, ఇంటికొచ్చాక తనూ ఒక చెయ్యి వేస్తాడు.

చిక్కల్లా పాల దగ్గరే. డబ్బాపాలు పాపకు పడలేదు. తాగింది తాగినట్టే కక్కింది, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇంకొన్నాళ్లు వాటి జోలికి పోవద్దంది డాక్టరమ్మ. అందుకని ఈ వారం బయట ఉన్నప్పుడు పిండి గడ్డకట్టించిన పాలు, వచ్చే వారం ఆమె లేనప్పుడు పాప తాగుతుంది. ఒక వారం తాగేది వెనక వారంది. ఎక్కడ తప్పినా ఆ మరుసటి వారం ఆమె గుమ్మం దాటడానికి వీలుండదు.

టార్చి నోట్లో ఉండగానే రొమ్ములు బరువెక్కి సలుపు మొదలైంది. పైకి వచ్చి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, తూకం గదిలో తలుపు గడియ పెట్టుకుంది. అద్దాల కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. పాలు తీసే చేతిపంపు నొక్కుతుంటే దానికి పిచ్చుక కూతలాంటి చప్పుడు. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

"కాటా అక్కా! తలుపేసుకుని కూర్చుంటే నా బండి తూచేదెప్పుడు?"

"ఆగు తమ్ముడూ, నా లోడు దించుకుంటున్నా. తర్వాత నీ లోడు."

"నీకేం లోడక్కా?"

"నీ పెళ్లాన్ని అడుగు, చెప్తుంది."

అర్థమైనట్టుంది, హారన్ మళ్లీ మోగలేదు.

పిండిన పాలను చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, గాలి లేకుండా మూతి బిగించి, క్యాంటీన్ వంటావిడకు ఇచ్చింది. కాటా అక్క ఆవిడను పిన్నీ అని పిలుస్తుంది. ఆవిడ ఫ్రీజర్లో ఒక అర మొత్తం ఖాళీ చేసి పెట్టింది.

"పొద్దున ఒకడు ఈ అర తెరిచి, పిన్నీ పాలు ఇన్నుండగా నల్ల టీ ఏంటి అన్నాడు. గరిటెతో ఒక్కటిచ్చా."

"తాగలేదు గదా పిన్నీ?"

"తాగుంటే వాడు ఈపాటికి అమ్మా అని నీ వెనకాలే తిరిగేవాడు."

కాటా అక్కకు నవ్వు వచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. గోడకు ఆనుకుని నిలబడే టీ తాగింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం.

ఆ మధ్యాహ్నం పని ముగిసింది. తూకపు రాళ్లను పలక నాలుగు మూలలా పెట్టి చూసింది. నాలుగు మూలలా ఒకే అంకె వచ్చింది. సీలు వేసింది. అప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తింది.

"ఫ్రీజర్ ఊడ్చేశానమ్మాయ్. చివరి సంచి ఇందాకే కరిగించా. నువ్వు తెచ్చేవాటి మీదే ఉంది ఇక. రేప్పొద్దున్నే మళ్లీ బయల్దేరాలన్నావు గదా?"

"అవునత్తయ్యా. గిడ్డంగి పని. మూడు రోజులు."

"మూడు రోజులకీ సరిపడా ఉన్నాయా పాప పాలు?"

"ఉన్నాయి. కరక్కుండా వస్తే చాలు."

పాప పాలు అన్న మాట అత్తగారు పెట్టిందే. కొడుకు ముందు, ఇరుగుపొరుగు ముందు 'నీ పాలు' అనడానికి ఆవిడకు నోరు రాదు. తల్లిపాలు అన్నది ఆస్పత్రి గోడ మీద రాసే మాటలా ఉంటుంది ఆవిడకు. పాప తాగేవి కాబట్టి పాప పాలు. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. కోడలికీ అంతే.

వెళ్లేటప్పుడు వంటావిడ సాయం పట్టింది. థర్మోకోల్ పెట్టె అడుగున జెల్ నింపిన ఐస్ దిళ్లు పరిచి, మధ్యలో పాల సంచులు పేర్చి, చుట్టూ పైనా మళ్లీ ఐస్ దిళ్లు పెట్టారు. ఎక్కడా సందు మిగలకుండా పాత పేపర్లు ఉండ చుట్టి కూరారు. సందు ఉంటే గాలి చేరుతుంది, గాలి చేరితే కరుగుతుంది. పెట్టె మూత చుట్టూ టేపు చుట్టి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది కాటా అక్క. పనిముట్ల పెట్టె ఇంకో చేతిలో. బస్సులో సీటు దొరికింది గానీ, కునుకు పడితే పెట్టె జారుతుందని కళ్లు మూయలేదు.

విమానాశ్రయంలో పనిముట్ల పెట్టెను సామాన్ల కాటా మీద పెట్టింది. పెట్టకముందే అంకె సున్నా దగ్గర లేదు, కొంచెం ఎక్కువే చూపిస్తోంది. ఇంకో రోజైతే కౌంటర్ అమ్మాయికి చెప్పి సరిచేయించి మరీ కదిలేది. ఈసారి చూసి ఊరుకుంది. తర్వాత తనిఖీ వరుసలో నిలబడింది. ఆమె వెనక ఒక బట్టతల పెద్దమనిషి, ఆయన వెనక పాము తోకలా జనం.

పెట్టె యంత్రంలోంచి వచ్చి ఆగింది. చిన్న వయసు గార్డమ్మాయి దాన్ని పక్క బల్ల మీదికి లాగింది.

"ఎవరిదిది? తెరవండి. లోపల ఏముంది?"

"పాప పాలమ్మా."

టేపు కోసి మూత తీసి పక్కన పెట్టింది. గార్డమ్మాయి పేపర్ ఉండలు బయటికి తీసి, ఒక సంచిని వేళ్లతో పైకెత్తి చూసింది.

"పాప ఏది?"

"ఇంట్లో ఉంది."

"పాప ఇంట్లో ఉంటే పాప పాలు ఇక్కడెందుకున్నాయి?"

"ఇంటికే తీసుకెళ్తున్నా."

"పాపతో వెళ్లేవాళ్లకే పాప పాలు తీసుకెళ్లే వీలుంది. పాప లేకపోతే పాలూ లేవు."

వెనక పెద్దమనిషి కాళ్లు మార్చుకుని నిలబడ్డాడు. "పాపని ముందు విమానంలో ఎక్కించేసిందేమోలే అమ్మా, వదిలెయ్యి" అన్నాడు. వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అది కాదమ్మా" అంది కాటా అక్క గొంతు తగ్గించి. "నా పాలు."

"మీవేనండీ, మీ పెట్టెలోవే గదా. ఎవరూ కాదనలేదు. ఏం పాలు అని అడుగుతున్నా. ఆవువా? గేదెవా? డబ్బావా?"

"నావి."

"అదేనండీ, మీవే. దేని పాలు?"

కాటా అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. మూత తీసిన పెట్టె బల్ల మీద అలాగే ఉంది. పైన లైటు వేడి. గోతిలో ఉన్నంతసేపూ ఆమె కన్ను ఒక్క గులకరాయినీ వదిలిపెట్టలేదు. ఇక్కడ ఒక్క మాట గొంతులో ఇరుక్కుంటే బయటికి తీసే చువ్వ దొరకడం లేదు. వెనక మగాళ్లు. ముందు గార్డమ్మాయి చేతిలో చలికి పొగలు కక్కుతున్న పాల సంచి.

"నేనే తీశాను" అంది.

"పితికారా?"

ఈసారి వరుసంతా నవ్వింది. గార్డమ్మాయి కూడా నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. తర్వాత బెదురుగా చుట్టూ చూసి, పెద్ద సారును పిలవాలంది. ఆయన ఎక్కడో ఇంకో వరుసలో ఎవరి బూట్లో చూస్తున్నాడు. వస్తున్నా అని చెయ్యి ఊపాడు గానీ రాలేదు. మూత పెట్టుకోనా అని కాటా అక్క అడిగింది. సారు చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దంది గార్డమ్మాయి. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆమెకు నేర్పింది అంతే. ఎవరైనా ముట్టుకుంటే మాట పడేది తనే.

పెద్ద సారు వచ్చేసరికి ఐస్ దిళ్ల మీద చెమటలు పట్టాయి. కాటా అక్క ఇక గొంతు దాచుకోలేదు.

"తల్లిపాలు సార్. నా ఒంట్లోవి. బిడ్డ ఇంట్లో ఉంది, నేను పనికొచ్చాను. ఇవి లేకపోతే రేపు దానికి తాగడానికి లేదు."

వరుసలో నవ్వు టక్కున ఆగింది. బట్టతల పెద్దమనిషి తన బెల్టు వంక చూసుకున్నాడు.

"తల్లిపాలా?" అన్నాడు పెద్ద సారు. "ఆ ముక్క మొదటే చెప్తే అయిపోయేది గదమ్మా. తల్లిపాలకి బిడ్డ పక్కనుండక్కర్లేదు. ఆ రూలు వేరు." గార్డమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు కూడా అడగొద్దూ?"

"పాప పాలన్నారు సార్. డబ్బాపాలనుకున్నా."

"ఇంట్లో అలాగే అంటాం సార్" అంది కాటా అక్క.

ఆయన పాల సంచులు ఒక్కొక్కటీ నొక్కి చూసి వెనక్కి పెట్టాడు. తర్వాత ఐస్ దిళ్లు నొక్కాడు. వేలు దిగింది.

"ఇవి మెత్తబడ్డాయి. గడ్డగా ఉంటే వదులుతాం. మెత్తబడితే నీళ్ల కిందే లెక్క, కుదరదు."

"వచ్చినప్పుడు రాళ్లలా ఉన్నాయి సార్. ఇక్కడే, ఈ బల్ల మీదే మెత్తబడ్డాయి."

"నిజమే కావచ్చు తల్లీ. నేను చూసినప్పుడు ఎలా ఉన్నాయో అదే నాకు లెక్క."

కాటా దగ్గర నిలబడి లారీ వాళ్లకు తనూ ఆ మాటే చెబుతుంది. దారిలో ఎంత ఒలికిపోయిందో మాకు తెలీదు బాబూ, పలక మీద ఉన్నదే బరువు అని. ఐస్ దిళ్లను పక్కనున్న నీలం చెత్త తొట్టిలో పడేసింది. పేపర్ ఉండలు ఏరుకుని, ఖాళీ అయిన చోట తన పని కోటు మడిచి దోపింది. కోటుకు గ్రీజు వాసన. సంచుల మూతులు బిగించి ఉన్నాయి కాబట్టి లోపలికి రాదు. గార్డమ్మాయి టేపు తెచ్చి తనే చుట్టింది. "సారీ అక్కా" అంది నెమ్మదిగా. "మా అక్క కూడా ఇలాగే..." అని ఏదో చెప్పబోయింది. ఈలోగా యంత్రంలోంచి తర్వాతి బ్యాగు వచ్చేసింది.

లోపలికి వెళ్లి పళ్లరసాల కొట్టులో ఐస్ అడిగింది. మిషన్ పొద్దున్నుంచీ పనిచేయడం లేదన్నాడు. ఫ్రిజ్‌లో ఉన్న చల్లటి నీళ్ల సీసాలు తీసుకుని పెట్టెకు రెండు పక్కలా ఆనించి, పైన చున్నీ కప్పింది. ఇంతలో విమానం ఆలస్యమని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. కుర్చీలో కూర్చుని పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఉంచింది, జ్వరం చూసినట్టు.

ఈలోగా రొమ్ముల్లో మళ్లీ పాలు చేరాయి. బాత్రూంలో పిండుకోవచ్చు గానీ పెట్టి ఉంచే చోటు లేదు. పిండి పారబోయడానికి మనసు రాలేదు. ఓర్చుకుంది.

విమానంలో పానీయాల బండి వచ్చినప్పుడు ఐస్ అడగాలనుకుంది. ఎలా అడగాలో కూడా అనుకుంది. ఈసారి మొదటే తల్లిపాలనే చెప్పాలి, ఒక్క మాటలో తేల్చాలి. బెల్టు పెట్టుకుని, పెట్టెను ఒళ్లో పెట్టుకోబోతే కుదరదన్నారు. ముందు సీటు కింద పెట్టి రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుంది. విమానం పైకి లేచే చప్పుడు వినపడింది. ఆ తర్వాత వినపడింది చక్రాలు నేలను తాకిన చప్పుడు.

పక్క సీటావిడ తన సామాను సర్దుకుంటోంది.

"బండి వచ్చి వెళ్లిందా?" అడిగింది కాటా అక్క.

"ఎప్పుడో. టీ కావాలేమోనని లేపుదామనుకున్నా. నోరు తెరుచుకుని పడుకున్నారు, పాపం. లేపబుద్ధి కాలేదు."

ఆవిడ మంచికే చేసింది. కాటా అక్క "మంచిపని చేశారు" అంది.

ఇంటికి చేరేసరికి వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. తలుపు తీసిన అత్తగారి భుజం మీద పాప కునుకుతోంది. కోడలు బిడ్డకు చెయ్యి చాపకుండా పెట్టెను నేరుగా వంటగది గట్టు మీద పెట్టి టేపు పీకింది.

"ముందు మొహం కడుక్కోవమ్మాయ్, మొహంలో కళ లేదు."

"ఉండండత్తయ్యా."

అంచుల్లో ఉన్న సంచులు పట్టుకుంటే వేళ్ల కింద జారాయి. పూర్తిగా నీళ్లయ్యాయి, చల్లదనం మాత్రం మిగిలింది. మధ్యలోవాటిని లైటు కింద పెట్టి వంచి చూసింది. గట్టు అంచుకు తాకిస్తే టక్కుమన్నాయి. అంచునున్నవి మధ్యలోవాటి చలిని కాపాడాయి. ఆమె గట్టు మీద రెండు వరుసలు పేర్చింది. కరిగినవి ఎడమ, గడ్డగా ఉన్నవి కుడి.

"కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టిస్తే?" అంది అత్తగారు.

"కూడదత్తయ్యా. కింద అరలో పెట్టి రేపు సాయంత్రంలోగా తాగించెయ్యాలి. గట్టివి మాత్రం పైన పెట్టెయ్యండి. అవి ఎల్లుండికి వస్తాయి."

"మరి ఆ మర్నాటికి?"

కాటా అక్క నీళ్లు తాగి, మొహం కడుక్కుని వచ్చి, కింద చాప మీద కూర్చుని బిడ్డను అందుకుంది. పాప మేలుకుంది. తల్లిని చూసి నవ్వలేదు, ఏడవలేదు. కొత్త మనిషిని చూసినట్టు కనుబొమ్మలు ముడిచి చూసింది. రొమ్ము అందిస్తే నోట పెట్టుకుని, వెంటనే వదిలేసి, తల అటూ ఇటూ తిప్పింది. సీసా పీకకు అలవాటు పడ్డ నోరు. రొమ్ము రాయిలా బిగిసి ఉంది, పట్టు దొరకడం లేదు. గుక్కపట్టి ఏడ్చింది.

"సీసాలో పోసియ్యనా? కరిగినవి ఎలాగూ ఉన్నాయి" అంది అత్తగారు. "ఆ పిల్ల ఆకలి మీదుంది."

"ఒక్క నిమిషం."

బిడ్డను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో పంపు తెచ్చుకుని కొంచెం పిండింది. బిగువు సడలింది. వేడి నీళ్ల గుడ్డ తెచ్చి అత్తగారే కాపడం పెట్టింది, చెయ్యి తిరిగిన మనిషిలా. మళ్లీ అందించింది. పాప ఈసారి వదల్లేదు. గుటక పడ్డ చప్పుడు ఇద్దరికీ వినపడింది.

అత్తగారు పంపు తీసి రెండో వైపు పెట్టింది. "ఒక పక్క అది తాగుతుంది, ఇంకో పక్క నువ్వు పిండుకో. వృథా పోదు" అంది. కాటా అక్క తల గోడకు ఆనించి అలాగే చేసింది. ఒక పక్క బిడ్డ, ఒక పక్క పంపు. రెండూ లాగుతున్నాయి. కళ్లు మూతలు పడుతుంటే అత్తగారు భుజం పట్టుకుని కూర్చుంది.

సీసా అడుగు కాస్త నిండింది. మూడో రోజుకు అది చాలదని చూడగానే తెలుస్తోంది. తెల్లవారేలోగా ఇంకెంత పిండినా చాలదు. ఆమె ఫోన్ అందుకుని ముసలాయనకు చేసింది.

"బాబాయ్, రేపు గిడ్డంగికి వెళ్తా. పెద్ద కాటా ఒక్కటే చేస్తా. చిన్న కాటాలు ఈసారికి వదిలేస్తా."

"అదేంటమ్మా, మొత్తం చేస్తామని మాటిచ్చా గదా. చిన్నవి ఎవరు చూస్తారు?"

"వచ్చే వారం చూస్తా. తొందరైతే మీరే వెళ్లండి."

"నా మోకాళ్ల సంగతి తెలిసీ అంటున్నావా?"

"నా ఒంటి సంగతి తెలిసీ మీరు మూడు రోజులు ఒప్పుకున్నారుగా బాబాయ్."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"పాలు చెడిపోయాయా?"

"సగం కరిగాయి."

"పెద్దది మాత్రం సరిగ్గా చూసి రా. మూలలు చూడకుండా సీలు వెయ్యకు."

"ఎప్పుడైనా వేశానా?"

"వెయ్యలేదులే. పడుకో" అని పెట్టేశాడు.

పాప నోరు వదిలి నిద్రపోయింది. పెదవి మూల పాల చుక్క. కాటా అక్క లేవాలనుకుంది. చెయ్యి బిడ్డ తల కింద తిమ్మిరెక్కి ఉంది. బేకరీ నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే చెప్పులు విడిచి, గట్టు మీద రెండు వరుసలు చూసి గడ్డగా ఉన్నవాటిని ఫ్రీజర్లో, కరిగినవాటిని కింద అరలో సర్దాడు.

"అత్తయ్యా, కింద అరలోవి రేపటికి. పైనవి ఎల్లుండికి."

"ఆ తర్వాతో?"

"ఆ తర్వాతికి నేనే వచ్చేస్తా" అంది కాటా అక్క, కళ్లు తెరవకుండానే.